కాపు లేని తోట మీద నాలుగు రోజుల వాదన

ఎనిమిదో తరగతి నాకు ఎంత నచ్చిందంటే, రెండేళ్లు చదివాను. మూడో ఏడు కూడా కూర్చునేవాణ్ణే గాని, కొత్తగా చేరిన పిల్లవాడొకడు నన్ను చూసి లేచి నిలబడి "నమస్తే సార్" అన్నాడు. ఆ సాయంత్రమే పుస్తకాల సంచి అటక మీద పడేసి, జగ్గయ్యపేటలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనికి చేరిపోయాను. ఇప్పుడు ఆ షాపు నాదే. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండలో పెడతాను. వార్నిష్ ఆరేదాకా చేతికి పనుండదు. ఆ ఖాళీలోనే నేను కృత్రిమ మేధ గురించీ, ప్రభుత్వ విధానాల గురించీ, పెద్ద కంపెనీల బాధ్యత గురించీ ఇంజనీర్లతో వాదించడం మొదలుపెట్టాను.

తెలుగు రైతుల కోసం ఎవరో ప్రారంభించిన ఆన్‌లైన్ ఫోరం అది. రెండు రాష్ట్రాల నుంచీ వేలమంది ఉంటారు. ఎవరైనా ప్రశ్న పెట్టవచ్చు, దాని కింద ఎవరైనా రాయవచ్చు. మా షాపుకు మోటారు తెచ్చిన ఒక రైతే నన్ను అందులో చేర్పించాడు. రాయడం నాకు నిదానం. అందుకని ఫోన్‌కు చెబుతాను, అదే రాసుకుంటుంది. అక్కడ నన్ను ఎంతవరకు చదివావని అడిగినవాళ్లు లేరు. పైగా నేను ఏం రాసినా నవ్వేవాళ్లు దొరికారు. ఇరవై ఏళ్లుగా నా జోకులు వినీ వినీ మొహం మొత్తిన మా ఆవిడ, పోనీలే, బయటివాళ్లకైనా ఇంకా కొత్తగా ఉన్నాయి అంది. కొన్నాళ్లకు నా పేరు కనిపిస్తే చాలు, జనం చేరేవారు. ఫలానా ఆయన వచ్చాడు, ఇక చూడండి అని ఎవరో ఒకరు రాసేవారు. ఆ మాట చదివితే నాకు టిఫిన్ చేయకపోయినా కడుపు నిండేది.

మొన్నటి మిరప సీజనులో ఒక శనివారం పొద్దున, వత్సవాయి మండలంలోని ఒక ఊరి నుంచి ఒకావిడ అందులో ప్రశ్న పెట్టింది. మూడు ఫొటోలు, వాటి కింద పొడుగ్గా రాత. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిందట. భర్త లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. అందుకని ఈ ఏడు సాగంతా మొదటిసారి ఒక్కతే చూసుకుంది. చెట్లు ఏపుగా పెరిగాయి, పూత వస్తోంది, రాలిపోతోంది. కాపు లేదు. విత్తనాలు అమ్మిన కంపెనీవాళ్లకే ఒక ఫోన్ యాప్ ఉంది. ఆకు ఫొటో తీసి చూపిస్తే తెగులేమిటో అదే చెబుతుంది. ఆవిడ చూపించింది. బోరాన్ లోపం అంది, ఆ కంపెనీదే ఒక మందు పేరు చెప్పింది. ఆవిడ కొట్టింది. పదిహేను రోజులాగి మళ్లీ చూపిస్తే మళ్లీ అదే అంది. మళ్లీ కొట్టింది. తోటలో ఏ చెట్టు చూసినా ఒకటే తీరు. పొలం గలాయన, అది పీకేసి మొక్కజొన్న వేసుకో అదును దాటిపోకుండా అంటున్నాడు. ట్రాక్టరతను సోమవారం వస్తానన్నాడు. నాకు విత్తనం మీదే అనుమానంగా ఉంది, నష్టపరిహారం వస్తే తప్ప వచ్చే ఏడు ఈ పొలం నాకు మిగలదు అని రాసింది. చివరి వాక్యం ఇప్పటికీ నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది.

"తోట తీసేశాక కంప్లయింటు ఇస్తే చెల్లుతుందా, తెలిసినవాళ్లు చెప్పగలరు."

జవాబు నాకు తెలుసు. మూడేళ్ల కిందట మా షాపు ఖాతాదారుడైన ఒక పత్తి రైతును నా బండి మీద నందిగామ వ్యవసాయశాఖ ఆఫీసుకు తీసుకెళ్లాను. అతనిదీ విత్తనం గొడవే. అక్కడి అధికారి మొదటగా చెప్పిన మాట, మా శాస్త్రవేత్తలు వచ్చి చూసేదాకా చేలో ఒక్క మొక్క కూడా కదపవద్దని. వాళ్లు వచ్చారు, సాళ్ల వెంట నడిచి మొక్కలు లెక్కపెట్టారు, కాగితం రాసిచ్చారు. నేను గట్టు మీద నిలబడి అంతా చూశాను. కాబట్టి ఆవిడకు నేను చెప్పవలసింది ఒకటే ముక్క: సోమవారం ట్రాక్టరు వద్దను, ఇవాళే కంప్లయింటు ఇవ్వు. ఆ ముక్క చెబితే ఎవరూ నవ్వరు.

నేను ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెప్పిందేమిటంటే: ఆకు ఫొటో చూపిస్తే బోరాన్ లోపం అందట. నా ఫొటో చూపిస్తే బుద్ధి లోపం అంటుంది. భయం లేదు, ఆ మందు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

మోటారొకటి విప్పి చూసుకునేలోపు నవ్వు బొమ్మలు వందలు దాటాయి.

ఆ నవ్వులకు నొచ్చుకుని హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకాయన దిగాడు. మంచి చదువరి, మాట మర్యాద కలవాడు. యంత్రం ఇచ్చేది సలహాయే గాని ఆజ్ఞ కాదన్నాడు. ఫొటో సరిగా లేకపోతే సలహా తేడా వస్తుంది, నిర్ణయం రైతుదే, ఆ సంగతి యాప్ నిబంధనల్లో రాసి ఉంటుంది అన్నాడు. రాసి ఉంటుంది సరే, చదవాలంటే ముందు భూతద్దం యాప్ ఒకటి వేసుకోవాలి అన్నాను నేను. సాంకేతికత మీద ఎగతాళి చేస్తే నష్టపోయేది పల్లెలే అన్నాడు ఆయన. నేను ఆగలేదు. సలహా ఇచ్చే చోటే కొనండి అని బటన్ ఎందుకు ఉందని అడిగాను. డాక్టరుకు మందుల షాపులో వాటా ఉంటే ఆ జ్వరం ఎప్పటికి తగ్గాలి అన్నాను. అది మంచి మాటే. ఇవాళ అడిగినా అదే అంటాను.

ఆదివారానికి రాజకీయాలు దిగాయి. ఇలాంటి యాప్‌లను ఊళ్లలో మీటింగులు పెట్టి మరీ వేయించింది ఏ ప్రభుత్వం అని ఒకరు. మీవాళ్లు ఉన్నప్పుడు విత్తనాల చట్టం ఏమైంది అని ఇంకొకరు. రెండు పార్టీలవాళ్లకూ నా చేతిలో సమంగానే వడ్డన జరిగింది. నాకు ఏ పార్టీ లేదని అందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు రోజుల్లో ఎన్ని మోటార్లు కట్టానో గాని, చేసిన వాటిలో ఒకటి తిరిగొచ్చింది, తీగ చుట్టు తప్పిందని. సోమవారం దాన్ని విప్పి మళ్లీ కడుతూనే, ఫోన్ పక్కన పెట్టుకుని, కంపెనీలకు బాధ్యత చట్టంతో వస్తుందా సిగ్గుతో వస్తుందా అన్న విషయం మీద పొద్దుగూకేదాకా మాట్లాడాను.

మంగళవారం మధ్యాహ్నం ఆ సాఫ్ట్‌వేరాయన, రైతుకు అన్యాయం జరిగితే కంప్లయింటు ఇచ్చే దారి ఉంది కదా, ఇవ్వకుండా ఇక్కడ కంపెనీని తిడితే ఏం లాభం అన్నాడు. నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకున్నాను. ఇచ్చే దారి ఉందండీ, కాని అధికారులు వచ్చి చూసే సమయానికి పంట చేలో నిలబడి ఉండాలి. మీ యాప్ ఏమంటుంది? పదిహేను రోజులాగు, మళ్లీ మందు కొట్టు అంటుంది. ఆగేలోపు అదును దాటుతుంది, రైతు దున్నేసుకుంటాడు. ఇది సలహా కాదు, సాక్ష్యం చెరిపేయడం.

ఆ ఫోరంలో చేరాక నాకు అంత పేరు తెచ్చిన మాట మరొకటి లేదు. చప్పట్లు, దండాలు. సాఫ్ట్‌వేరాయన కాసేపటికి, ఈ కోణం నేను ఆలోచించలేదు అని ఒప్పుకున్నాడు. గెలిచాను. వార్నిష్ చేతులు తుడుచుకుని, ఎవరెవరు ఏం రాశారో ఒక్కొక్కటే తీరిగ్గా చదువుకుంటూ కిందికి వెళ్లాను. అక్కడ, చప్పట్ల బొమ్మలకూ దండాల బొమ్మలకూ మధ్య, ఆవిడ రాసిన ఒక్క వరుస కనిపించింది.

"చేలో ఉండాలాండీ? నిన్న రోటవేటర్ వేయించేశాను."

దానికి ఎవరో కన్నీటి బొమ్మ పెట్టారు. ఇంకెవరో, చూశారా, ఇదే రుజువు అని సాఫ్ట్‌వేరాయనకు చూపించారు. శనివారం ఆవిడ పెట్టిన ప్రశ్న కోసం పైకి వెళ్లాలంటే వేలితో ఎంతసేపు తోయాలో అప్పుడు తెలిసింది. తోస్తూ పోతుంటే ఎక్కడ చూసినా నేనే.

మర్నాడు ఆవిడకు విడిగా మెసేజ్ పెట్టి, ఊరు అడిగి తెలుసుకుని, బండి మీద వెళ్లాను. ఫోరంలో మీ పోస్టు కింద అన్ని మాటలు రాసినవాణ్ణి నేనేనమ్మా అంటే, గుర్తుపట్టి, కుర్చీ తెచ్చి వేయబోయింది. వద్దని పొలం చూపించమన్నాను. ముప్పై ఏళ్లకు మించి ఉండవు. గబగబా ముందు నడిచింది. రెండెకరాలూ మెత్తగా దున్ని ఉన్నాయి. మట్టిలో అక్కడక్కడా మిరప కాడల ముక్కలు, ఇంకా పచ్చివాసన. గట్టు మీద ఒక కర్రకు ఖాళీ విత్తనాల ప్యాకెట్టు గుచ్చి ఉంది. ఏ చేలో ఏ రకమో తెలియడానికి మావైపు అలా పెట్టుకుంటారు. దున్నేటప్పుడు ట్రాక్టరతను దాన్ని తొక్కకుండా తప్పించాడట. బిల్లు కూడా పదిలంగానే ఉంది. అన్నీ ఉన్నాయి, తోట లేదు.

నేనేదో అడుగుతూంటే మాటల్లో ఆవిడే చెప్పింది. తన పోస్టు కింద ఎవరేం రాసినా తన ఫోన్ మోగేదట. మోగినప్పుడల్లా చేతిలో పని పక్కన పెట్టి, జవాబు వచ్చిందేమోనని చూసేదట. శనివారం అంతా, ఆదివారం అంతా. సోమవారం పొద్దున ట్రాక్టరు వచ్చి గట్టు దగ్గర ఆగాక కూడా, "ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ" అని ఇంకోసారి చూసిందట. నేను కంపెనీల సిగ్గు గురించి మాట్లాడుతున్నది అప్పుడే. ఆవిడ ఇదంతా నిష్ఠూరంగా చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది, అటు నీడలోకి రండి అన్న గొంతుతోనే చెప్పింది.

వత్సవాయిలో వ్యవసాయాధికారి లేరు, నందిగామ మీటింగుకు వెళ్లారన్నారు. అక్కడికే పోదామన్నాను. ఆవిడ బస్సులో, నేను బండి మీద. ఆయన మీటింగు మధ్యలో బయటికి వచ్చి, వరండాలో నిలబడే అంతా విన్నారు. ప్యాకెట్టు చూశారు, బిల్లు చూశారు, ఫోన్లో ఫొటోలు పెద్దవి చేసుకుని చూశారు. ఎక్కడన్నా రెండు సాళ్లన్నా మిగిల్చారా అమ్మా అని అడిగారు.

"లేదు సార్. గట్టెంబడి కూడా వదలకుండా దున్నమని నేనే చెప్పా."

ఆయన ఫోన్ ఆవిడకు తిరిగి ఇచ్చేశారు. ఫొటోలో ఉన్నవి మూడు చెట్లే, తోట మొత్తం అలాగే ఉందని శాస్త్రవేత్తలు కళ్లతో చూస్తే తప్ప నివేదిక రాయరు అన్నారు. అయినా కాగితం రాయించుకున్నారు. కంపెనీకి లేఖ పంపుతాను గాని ఆశ పెట్టుకోవద్దమ్మా అన్నారు. ఆనక నా వైపు తిరిగి, మీరు ఈవిడకేమవుతారు అని అడిగారు. ఇంకెక్కడైనా ఇలాంటి ప్రశ్న దొరికితే నేను జోకు వేయకుండా వదిలేవాణ్ణి కాదు. ఆ రోజు, తెలిసినవాణ్ణండీ అన్నాను.

నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డాం. టీ తాగమంటే వద్దంది. ప్యాకెట్టూ బిల్లూ కవర్లో పెట్టి, కవరు నోరు ముడి వేసుకుంటోంది. ఆ పొలం సంగతేమిటని అడిగాను. మొక్కజొన్న కోసేదాకా తనదేనట, ఆ తర్వాత పక్క చేను రైతు అడుగుతున్నాడట, పొలం గలాయన సరేనన్నాడట. మూడు సంగతులూ మూడు ముక్కల్లో చెప్పేసింది. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు. బస్సు వచ్చేలోపు చెప్పేయాలని చెప్పేశాను.

"నాకు తెలుసమ్మా. నువ్వు అడిగిన రోజే తెలుసు. అప్పుడే ఆ ఒక్క ముక్క చెప్పుంటే నీ తోట నిలబడేది. చెప్పలా. తప్పు నాది."

ఆవిడ ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుని, అప్పుడు తలెత్తింది.

"మీరు చెప్పకపోతే మానె, అన్నయ్యా. మీరు నవ్వించకుండా ఉంటే, ఇంకెవరో ఒకళ్లు చెప్పుండేవాళ్లు."