మసకగా వచ్చిన ఫొటో

డ్రోన్ టవర్ చుట్టూ తిరిగి పని ముగించగానే నేను పైకి చూసి, "సరే, ఇగ దిగు" అంటాను. దానికి చెవులు లేవని నాకు తెలుసు. భూపాలపల్లిలో గని క్వార్టర్ల వెనక టవర్ దగ్గర ఒకసారి ఇలాగే అంటుంటే, సైకిల్ మీద పోతున్న ఒక పెద్దమనిషి ఆగి, "ఎవలున్నరే మీద?" అని అడిగాడు. "ఎవ్వలు లేరు" అన్నాను. ఆయన కాసేపు టవర్ కొననూ, కాసేపు నా ముఖాన్నీ చూసి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చూసేవాళ్ళకు నాది సుఖమైన పని. పాలకుర్తిలో ఇంటి నుంచి బయల్దేరి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కడికి పొమ్మంటే అక్కడికి బండి వెనక పెట్టె కట్టుకుని పోతాను. డ్రోన్ లేపి మూడు ఎత్తుల్లో మూడు చుట్లు తిప్పుతాను. తుప్పు పట్టిన బోల్టులు, వదులైన పట్టీలు, తేనెపట్టులు, కాకిగూళ్ళు అన్నీ చెట్టునీడన కూర్చునే తెర మీద చూడొచ్చు. చిట్యాల దగ్గర ఒక గద్ద మీదికొచ్చి డ్రోన్ రెక్క విరగ్గొట్టింది. డ్రోన్లొచ్చాక జరిగిన పెద్ద ప్రమాదం అదే. కొత్త రెక్క బిగించడానికి పావుగంట పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఈ డ్రోన్లేనని ఆ పావుగంటా అనుకుంటూ కూర్చున్నాను.

డ్రోన్లు రాకముందు మనుషులే ఎక్కేవాళ్ళు. నేనూ తొమ్మిదేళ్ళు ఎక్కాను. మోకాలు మొరాయించాక నన్ను కింద నిలబెట్టి, ఎక్కడానికి ఒక మనిషిని జోడీ ఇచ్చారు. మహబూబాబాద్ వైపు తండా అతనిది. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఎక్కుతూ కూడా నోరు మూసేవాడు కాదు. కింద ఎవరి చేనులో పత్తి బాగుందో, ఎవరి బర్రె ఎవరి వరిలో పడిందో అన్నీ పైనుంచి చెప్పేవాడు.

మా పనిలో ఒక కట్టు ఉండేది. కిందివాడు "సరే, దిగు" అనేదాకా పైవాడు దిగకూడదు. పైవాడు ఒక్కో భాగాన్ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో కిందికి పంపుతాడు. కిందివాడు చూసి, బాగుంటే దాచుకుని సాయంత్రం ఆఫీసుకు పంపుతాడు, లేకపోతే మళ్ళీ తీయమంటాడు. మసక ఫొటో పంపితే ఆఫీసు తిట్లు తినేది కిందివాడే. అందుకని నేను ఫొటోల దగ్గర మహా గట్టిగా ఉండేవాణ్ణి. తమ్ముడు నన్ను కళ్ళద్దాల సారు అని వెక్కిరించేవాడు. నాకు కళ్ళద్దాలే లేవు.

ఆ రోజు మేం చూడాల్సిన టవర్ అతని తండాకు కూతవేటు దూరంలోనే ఉంది. పని కాగానే వాళ్ళింట్లో తినాలనుకున్నాం. వాళ్ళమ్మ జొన్నరొట్టెలు చేస్తానంది. పనికోసం టవర్‌ను బంద్ పెట్టించాం. అది ఆగితే చుట్టుపక్కల ఫోన్లన్నీ మూగబోతాయి. పైన ఉన్నవాడికి ఎత్తు వల్ల దూరపు టవర్ సిగ్నల్ అందుతుంది. కింద గట్టెక్కి నిలబడితే నా ఫోన్లో ఒక్క గీత వచ్చి పోతుంటుంది. కాబట్టి మాటలు కేకల మీద నడిచేవి, ఫొటోలు ఆగి ఆగి దిగేవి.

చివరిది యాంటెనా వెనక అతికించిన నంబరు ఫొటో. వచ్చింది. మసకగా ఉంది.

"మసక వచ్చింది తమ్మీ, ఇంకోటి తియ్యి" అని అరిచాను.

"మంచిగనే తీసిన అన్నా, ఇంకొకపారి సూడు."

"సూసిన. దగ్గరికి పోయి తియ్యి" అన్నాను. నా గొంతులో విసుగు ఉంది. నెత్తిన ఎండ, కడుపులో ఆకలి.

యాంటెనాకు ఇంకా దగ్గరగా పోవాలంటే నడుముకున్న తాళ్ళు చాలవు. రెండు తాళ్ళకూ చెరో కొక్కెం, అందులో ఒకటి ఎప్పుడూ ఇనుముకు తగిలే ఉండాలన్నది రూలు. అతను రెండూ తీశాడు. నేను చూస్తూనే ఉన్నాను. కొక్కెం పెట్టుకో అని ఒక్క కేక వేయాల్సింది. ఒక్క నిమిషం పనే కదా అని ఊరుకున్నాను.

పడ్డాడు. ఆ మాటను ఇంతకంటే ఎలా రాయాలో నాకు చేతకాదు.

జనం ఉరికి వచ్చారు. ఎవరో ఆటో తెచ్చారు. దవాఖాన చేరేలోపే పోయాడు. ఆఫీసుకు చెబుదామని అక్కడ వరండాలో ఫోన్ తీస్తే తెర మీద అదే ఫొటో ఉంది. అద్దంలా ఉంది. నంబరులో ఒక్కో అంకె చదవొచ్చు. వాట్సాప్‌లో ఫొటో పూర్తిగా దిగేదాకా మసకగానే కనిపిస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. రోజూ పదుల కొద్దీ ఫొటోలు చూసే నాకు తెలియదా? ఇంకొక్క నిమిషం ఆగలేకపోయాను. తమ్ముడు మొదటే మంచి ఫొటో తీశాడు. "సరే, దిగు" అనాల్సింది అప్పుడే.

కొక్కేలు తానే తీశాడని రిపోర్టులో రాశారు. అందులో అబద్ధం లేదు గనక కింద సంతకం పెట్టాను. ఎందుకు తీశాడని ఎవరూ అడగలేదు, నేనూ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కర్మకాండకు వెళ్ళి, వాళ్ళమ్మ ముఖం చూడకుండానే వచ్చేశాను. కొన్నాళ్ళకు డ్రోన్లొచ్చాయి. నాకే నేర్పించారు. ఇప్పటికీ తెర మీద పై మెట్టు కనబడగానే, అక్కడ ఎవరూ లేరని ఒకసారి చూసుకున్నాకే ఫొటో నొక్కుతాను. ఉంటాడేమోనని భయం. లేకపోతే అంతకంటే బాధ.

మూడేళ్ళు ఏదో ఒక సాకు చెప్పి ఆ తండా టవర్‌ను వేరేవాళ్ళకు అంటగట్టాను. ఈ ఏడు తప్పలేదు. పొద్దున్నే వెళ్ళి గబగబా మూడు చుట్లూ తిప్పి డ్రోన్ దించేశాను. దాని రొదకు తండా జనం వచ్చి చూసి, ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఒక్క ఆమె పోలేదు. తమ్ముడి తల్లి. నన్ను గుర్తుపట్టింది.

"ఇదేనా బిడ్డా, మనుషులు ఎక్కకుంట ఫొటోలు తీసేది?"

"ఇదే అవ్వా."

"జర సూపియ్యి."

తీసిన ఫొటోలు తెర మీద చూపించాను. "వాడు యాడ నిలవడ్డడు?" అంది. వేలు పెట్టి చూపించాను. ఆమె చాలాసేపు ఆ ఇనుప మెట్టును చూసింది. తరువాత, ఇంట్లో పప్పు మాడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నా ఫోనే సంపింది వాన్ని. రొట్టెలు సల్లగయితున్నయని ఫోను కొట్టిన. బటను ఒత్తిన, గంతల్నే బయట జనం ఒర్లుడు ఇనవడ్డది. నా ఫోను తీద్దామనే చెయ్యి ఇడిసిండు. గప్పటిసంది నేను ఎవ్వలకు ఫోను చెయ్య. భూపాలపల్లిల నా బిడ్డ ఉన్నది, దానికి గూడ చెయ్య. అది ఏ పొయ్యి కాడ ఉంటదో, ఏ రోడ్డు దాటుతదో."

నేను మింగి కూర్చున్న తప్పును నాలుగేళ్ళుగా ఈమె మోస్తోంది. ఒక్కసారి వచ్చి ఉంటే, ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

"అవ్వా, గా పూట టవర్ బంద్ పెట్టినం. తండల ఒక్క ఫోను గూడ పనిచెయ్యలే. నీ ఫోను వానికి పోనేలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "మరి చెయ్యి ఎందుకు ఇడిసిండు?"

ఇక్కడ ఆగిపోవచ్చు. ఆమె భారం దిగింది, నాది నా దగ్గరే ఉంటుంది అనిపించింది. ఆమె మాత్రం కళ్ళు తిప్పలేదు.

"నేనే ఇంకో ఫొటో తియ్యమన్న అవ్వా" అన్నాను. తరువాత అంతా చెప్పాను. మసక సంగతి, వాడు ఇంకొకపారి చూడమన్న సంగతి, కొక్కేలు తీస్తుంటే నేను చూస్తూ ఊరుకున్న సంగతి, ఫొటో బాగానే ఉన్న సంగతి. చెబుతూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నాలుగేండ్లు" అంది. అంతే. చెయ్యి చాపింది. "నీ ఫోను ఇయ్యి."

బిడ్డ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కో అంకె చెబుతుంటే నేనే నొక్కి, చేతిలో పెట్టాను. అవతల ఎత్తారు. ఆమె తన భాషలో మాట్లాడింది. నాకు ఆ భాష రాదు. టవర్, ఫొటో, ఈ రెండు మాటలే అందాయి. మొదట అవతలి నుంచి ఏడుపు వినిపించింది. తరువాత ఒక ప్రశ్న, మళ్ళీ అదే ప్రశ్న.

ఆమె ఫోన్ నా ముందుకు చాపింది.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతున్నది. నాకెట్ల తెలుస్తది? నువ్వే చెప్పు."

ఫోన్ తీసుకుని చెవికి పెట్టుకున్నాను.