ఆడవాళ్ల వార్డులో వడ్రంగం

ఖైంజా అల్లిన బుట్ట ఏనాడూ నేలమీద తిన్నగా నిలబడలేదు. మసాబా కొండ కింద ఉన్న ఆ జైలులో ఆడవాళ్లకు నేర్పే పని అదొక్కటే, అరటినారతో బుట్టలూ చాపలూ అల్లడం. అయిదేళ్ల శిక్ష పడిన ఖైంజా మొదటి ఏడాదంతా ఆ నారతో కుస్తీ పట్టింది.

"అది బుట్టా, సారా దుకాణం నించి వస్తున్న మొగుడా? అట్లా ఒరిగిపోతందేంటే?" అనేది పక్కన కూర్చునే నెకేసా. వార్డంతా నవ్వేది. ఖైంజా కూడా నవ్వేది.

ఆమె జైలుకు వచ్చిన కథలో మాత్రం నవ్వడానికేమీ లేదు. భర్త పోయిన ఆర్నెల్లకు మరిది వోమాలా అరటితోట గట్టు మీది హద్దు మొక్కలు పీకి, సగం తోట తనదన్నాడు. ఖైంజా కత్తి పట్టుకుని పొలానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతని ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. కోర్టులో ఆమె బొంకలేదు. "నేనే నరికాను" అంది. ఎనిమిదేళ్ల కూతురు ముయామాను తల్లి దగ్గర వదిలి వచ్చింది.

ఒకరోజు వంటశాలలో బెంచీ కాలు ఊడిపోయింది. గోడ అవతల మగవాళ్ల వైపు వడ్రంగం కొట్టు ఉంది గానీ, అక్కడివాళ్లు ఇటు రావాలంటే కాగితాలు నడవాలి, రెండు వారాలు పడుతుంది. ఖైంజా ఒక రాయి తెచ్చి, వంగిపోయిన మేకును సాపు చేసి, కాలు ఊడిన సందులో సన్న చెక్కముక్క దూర్చి బిగించింది. వార్డు అధికారి అపోలొట్ మేడం ఆ బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. కదల్లేదు.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు మేడం. అది ఎక్కడ లూజుందో కనపడింది, అంతే."

ఆ నెలలోనే స్కూళ్లకు మూడు వందల బల్లలు కావాలని జైలుకు ఆర్డరు వచ్చింది. చేతులు చాలవు. అపోలొట్ నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్లి, ఆరుగురు ఆడవాళ్లకు వడ్రంగం నేర్పిద్దామంది. ఆమె రాసిచ్చిన పేర్లలో మొదటిది చూసి ఆయన కళ్లజోడు తీసేశాడు.

"కత్తి కేసులో వచ్చినామెకి ఉలి ఇమ్మంటారా?"

"గోడ అవతల నలభై మంది మగాళ్లు ఉలులు పట్టుకున్నారు సార్. వాళ్లంతా చర్చిలో పాటలు పాడి వచ్చారా?"

ఆయన నవ్వలేదు గానీ సంతకం పెట్టాడు.

నేర్పడానికి మగవాళ్ల కొట్టు చూసుకునే వెపుఖులు మాస్టారు వచ్చాడు. అరవై దాటిన మనిషి, చెవిమీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. మొదటి రోజున ఖైంజా ఉలి అందుకుంది. ఇనుము బరువు, చల్లదనం, పిడి మీద వేళ్లు బిగుసుకున్న తీరు, అన్నీ ఆ పొలంగట్టుకే లాక్కుపోయాయి. ఉలి కింద పెట్టేసింది.

మాస్టారు చెక్కమీద పెన్సిలుతో ఒక గీత గీశాడు. "చేతిలో ఉన్నదాన్ని చూడకమ్మా. గీత చూడు. గీత దాకా వెళ్లు, అక్కడ ఆగు."

ఆ పూటంతా ఆమె ఒకే ఒక బెజ్జం తొలిచింది. వంకరగానే వచ్చింది. కానీ గీత దాటలేదు.

నెల తిరిగేసరికి చిత్రిక పడితే చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచేది. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి రెండో చెక్క బెజ్జంలోకి దించి, మేకు లేకుండా బిగించడం వచ్చింది. ముయామాను వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చిన తల్లి, వేరుశనగ పులుసులో వండిన వెదురు మొలకల గిన్నె ఆమె ముందు పెట్టి పెదవి విరిచింది.

"మన ఇళ్లల్లో ఆడది కొయ్య ముట్టుకుంటే పొయ్యిలో పెట్టడానికేనే తల్లీ. ఈ పనేంటి నీకు?"

"పొయ్యిలో పెడితే ఒక పూటే కదమ్మా. నేను చేసింది పిల్లలు పదేళ్లు కూర్చుంటారు."

ముయామా అమ్మ అరచెయ్యి తిప్పి కాయలు కాచిన చోటల్లా వేలితో నొక్కి చూసింది. "నెప్పా?" అంది. "ఇప్పుడు లేదు" అంది ఖైంజా.

రెండో ఏడాది చివర సర్కారు పనిపరీక్ష పెట్టారు. పరీక్షాధికారి భారీ మనిషి, వాకిలి నించి పక్కకు తిరిగి లోపలికి రావాల్సి వచ్చింది. ఖైంజా ఆరు గంటల్లో ముసీజీ కలపతో కుర్చీ చేసింది. ఆయన మూలమట్టం పెట్టి మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు, అతుకుల్లో గోరు దూర్చి చూశాడు. చివరికి కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, ముందుకాళ్లు గాల్లోకి లేపాడు. వార్డంతా ముందుకు వంగి చూసింది. కుర్చీ కిర్రుమనలేదు. ఆయన లేవనూ లేదు, అందులోనే కూర్చుని కాగితాలు నింపుకుంటున్నాడు.

"సార్, ఆ కుర్చీ మీకు రాసివ్వలేదు" అంది నెకేసా వెనకనించి.

ఆయనే ముందు నవ్వాడు. చేతికొచ్చిన సర్టిఫికెట్టులో ఖైంజా పేరూ పనీ ఉన్నాయి, జైలు మాట ఎక్కడా లేదు. మరునాటికి వడ్రంగం నేర్చుకుంటామన్న వాళ్లు ఆరుగురి నించి ఇరవై ఆరుగురయ్యారు. ఏడాదిలో ఆడవాళ్ల వైపే రేకుల షెడ్డు వేశారు, పక్కన వెల్డింగు కూడా మొదలైంది. బుట్టలు అల్లేవాళ్లు అల్లుతూనే ఉన్నారు, కాకపోతే ఇష్టపడి అల్లుతున్నారు.

సత్ప్రవర్తన మీద శిక్ష తగ్గి ఖైంజా మూడేళ్ల నాలుగు నెలలకు విడుదలైంది. ఎంబాలే ఊళ్లో ఒక వడ్రంగం కొట్టుకు వెళ్లింది. యజమాని సర్టిఫికెట్టు చదివి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. "జైల్లో" అంది.

"ఎందుకు పడ్డావు?"

అదీ చెప్పింది. కొట్లో రంపం చప్పుడు ఆగింది. ఆయన గడ్డం గోక్కుని, గోడకు ఆనించి ఉన్న తలుపు చూపించాడు. "దీని కింది పలక రెండ్రోజుల్నించి మాకు కుదరట్లేదు. చూస్తావా?"

సాయంత్రానికి కుదిరింది. ఉద్యోగమూ కుదిరింది.

వోమాలా ఇంటికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి అతను బయటికే రాలేదు, భార్య వచ్చి మంచినీళ్లిచ్చింది. రెండోసారి అతనే బయటికి వచ్చి, కుడిచేత్తో స్టూలు లాగి వేశాడు. "నేను చేసింది తప్పు, వోమాలా" అంది ఖైంజా. అతను తోటవైపు చూశాడు. "హద్దు మొక్కలు మళ్లీ నాటుతాలే వదినా" అన్నాడు. క్షమించానని అనలేదు. ఆమె అడగనూ లేదు.

వెపుఖులు మాస్టారికి కంట్లో పొర వచ్చాక, వారానికి రెండు రోజులు వచ్చి నేర్పమని జైలు నించి కబురొచ్చింది. ముయామాను బడికి పంపి, ఖైంజా మంగళవారం, గురువారం మినీబస్సు ఎక్కి వెళుతుంది. గేటు దగ్గర ఇప్పుడూ ఆమె చేతిసంచి వెతుకుతారు, కానీ పుస్తకంలో ఆమె పేరు పక్కన 'టీచర్' అని రాస్తారు.

మొన్న మధ్యాహ్నం పెద్ద వాన. పసుపు జైలు బట్టల్లో ఉన్న ఆడవాళ్లంతా షెడ్డులో రంపాలు ఆపి కబుర్లలో పడ్డారు. అపోలొట్ మేడం రెండు కప్పుల టీ తెచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చింది.

"మా ఇంటి అల్మారా ఎప్పుడిస్తావు?"

"వరసలో ఉన్నారు మేడం. మీకంటే ముందు ఇద్దరు నర్సులు, ఒక పాస్టరు."

"ఆఫీసరుకి కూడా వరసేనా?"

"మా కొట్లో అందరికీ వరసే మేడం" అని ఖైంజా టీ ఊదుకుంటూ తాగింది.