శబరి ఒడ్డున ఎవరూ అరవని పందెం

మొన్న జగదల్‌పూర్‌లో మనవరాలి ఇంట్లో కూర్చుని ఉంటే టీవీలో ఏదో సముద్రం చూపించారు. ఎక్కడి దేశమో నాకు తెలియదు. తెల్లటి తెరచాపలెత్తిన పడవలు వరసగా నిలబడ్డాయి, ఢామ్మని ఏదో పేలింది, అన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఇక ఒడ్డున జనాన్ని చూడాలి! జెండాలు ఊపేవాళ్లు, ఈలలు వేసేవాళ్లు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని గొంతు చించుకునేవాళ్లు. "ఇదేంది, బయల్దేరినోళ్లను ఎనక నుంచి అట్ల పిలుస్తరా? వాళ్లు తిరిగి ఇల్లు చేరొద్దా?" అన్నాను. మనవరాలు నవ్వి, "అది పిలుసుడు కాదు అమ్మమ్మా, హుషారు చేసుడు" అంది. అయ్యుండొచ్చు. నేను పుట్టి బుద్ధెరిగాక కళ్లారా చూసిన తెరచాపల పందెం ఒక్కటే, అందులో ఒడ్డున ఉన్న ఒక్క మనిషీ నోరు మెదపలేదు. కాదు, ఒక్క మనిషి మెదిపింది. ఆమె మా చిన్నత్త.

అప్పటికి మాది బస్తర్ రాజ్యం. మా ఇల్లు కోంటాలో, శబరి రేవుకు కూతవేటు దూరంలో ఉండేది. కూనవరం నుంచి పెద్ద నాటు పడవలు ఉప్పు, కిరసనాయిలు, బట్టలు వేసుకుని ఏటికి ఎదురు వచ్చేవి. పోయేటప్పుడు చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు నింపుకుని పోయేవి. ఆ రోజుల్లో రేవంటే చింతపండు పులుపు, ఇప్పపువ్వు మత్తు, తడి తాళ్ల కంపు అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ చింతపండు బస్తా విప్పితే నాకు ముందు నీళ్లే గుర్తొస్తాయి. చలికాలంలో ఉత్తరపు గాలి తిరగ్గానే పడవలు చాపలెత్తి దిగువకు సాగేవి. ఎప్పుడూ గుంపుగానే పోయేవి. ఒకటి బండకు తగిలితే మిగతావాళ్లు లాగడానికి ఉండాలి కదా.

ఇలా ఉండగా మా ఊరికి ఎగువ దేశం నుంచి కొత్త తాసిల్దారు వచ్చాడు. హిందీ తప్ప మరో భాష రాదు, మంచివాడే. ఎక్కడ చూశాడో ఏమో, పడవలు పోయేది ఎలాగూ పోతాయి, పందెం కట్టి పోతే చూడ్డానికి బాగుంటుంది కదా అని ఆయన బుర్రలో పుట్టింది. కూనవరం రేవు ముందు తాకినవాడికి జరీ తలపాగా అని దండోరా వేయించాడు. ఇక ఊరంతా అదే ముచ్చట. ఏటి అవతల గూడెం నుంచి మా ఇంటికి తేనె తెచ్చే దొర్ల తెగ ముసలాయన ఒకడుండేవాడు. ఆయనకు ఈ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు. "ముందు పోయినోడు ఏడికి పోతడు?" అని మా నాయనమ్మను అడిగాడు. "కూనవరం." "ఎనక పోయినోడు?" "వాడూ కూనవరమే." ఆయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, "మరి తొందరేంది?" అన్నాడు.

పందెంలో నాలుగు పడవలు. అందులో ఒకదానికి మా మామ సరంగు, అంటే చుక్కాని పట్టే పెద్ద. మామ అంటే చిన్నత్త భర్త. మామ ఒడ్డు మీద ఉంటే మాట తక్కువ, అన్నం ఎక్కువ. చిన్నత్త అందుకు పూర్తి విరుద్ధం, నిలుచున్న చోట నిలవదు. వాళ్ల పడవ చాపను ఎలుకలు కొట్టాయి. చిన్నత్త రోజంతా మా పంచలో ఆ మోటు గుడ్డ పరుచుకుని అతుకులు వేసింది. చాపను కట్టే పైవాసం కింద పెద్ద చిరుగు దగ్గరికి వచ్చేసరికి పురికొస అయిపోయింది. అక్కడికి మామూలు దారంతో కచ్చా కుట్టు వేసి ఆపింది, తెల్లారి మైనం పట్టిన పురికొసతో గట్టిగా కుడదామని. తెల్లవారుజామున ఆమె ఏటికి నీళ్లకు పోయి వచ్చేసరికి చాప లేదు. తాసిల్దారు జవాన్లు జెండాలు కట్టాలని ఎత్తుకుపోయారు. రేవులోనే ఉన్న మామకు ఆ కుట్టు సంగతి తెలియదు.

అదేం పోయింది, ఒక చాప చిరిగితే ఏమవుతుందంటారేమో. కోంటా దిగువన ఏరు మెలిక తిరుగుతుంది, ఆ తర్వాత బండలుంటాయి. అక్కడ గాలి పక్క నుంచి కొడుతుంది. ముందటేడు అక్కడే ఒక పడవ చాప చినిగి, అడ్డం తిరిగి, బండలకు కొట్టుకుంది. అందులో ఒక మనిషి మళ్లీ దొరకలేదు. చిన్నత్త ఉరుక్కుంటూ రేవుకు వచ్చేసరికి పడవలు ఒడ్డు వదిలి వరసలో నిలబడి ఉన్నాయి. తాసిల్దారు తుపాకి పైకెత్తాడు.

తుపాకి పేలగానే కాకులు లేచాయి, మేకలు కట్లు తెంపుకున్నాయి. దొర్ల ముసలాయన ఎంతో ఆశగా, "ఏం పడ్డది? దుప్పా, ఎలుగా?" అని చుట్టూ చూశాడు. పడవలు కదిలాయి. చాపలు గాలికి పొట్ట నింపుకున్నాయి. ఒడ్డంతా నిశ్శబ్దం. మా ప్రాంతంలో బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవరు, ఎక్కడికని కూడా అడగరు. ఏటి మీద పోయేవాళ్లనైతే మరీను. తాసిల్దారు తెల్లబోయాడు. పెళ్లికి పిలిచి అన్నం పెట్టనట్టుంది ఆయన మొహం. "తాలీ బజావో భాయ్, తాలీ!" అని తనే చేతులు చరిచి చూపించాడు. "సప్పట్లు గొట్టి పిలిస్తే మాత్రం పిలిచినట్టు గాదా?" అని నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్లు చేతులు చంకల్లో దాచుకున్నారు.

చిన్నత్త కళ్లు మాత్రం ఆ కుట్టు మీదే ఉన్నాయి. "అమ్మా, అది కచ్చా కుట్టే. తెగుతది. పిలుస్తనే" అంది. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అంతలోనే వదిలేసింది. "ఎనకకెల్లి పిలవొద్దన్నరు పెద్దలు. ముంగట నిలబడి పిలవొద్దని ఎవ్వలన్నరే? ఉరుకు!"

చిన్నత్త చీర ఎగదోపి పరుగందుకుంది. ఏరు చుట్టు తిరిగి పోతుంది, మెలిక మీదికి జొన్న చేల్లోంచి అడ్డదారి ఉంది. ఆమె వెనక నాయనమ్మ, నాయనమ్మ వెనక నేను, మా వెనక ఊరు ఊరంతా. ఎందుకు ఉరుకుతున్నామో సగం మందికి తెలియదు. పందెమంటే ఇదేననుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బూట్లు చేతబట్టుకుని తాసిల్దారూ వచ్చాడు. ఒక్క మనిషీ అరవలేదు, జొన్నాకులు కాళ్లకు కోసుకుంటున్న చప్పుడే వినపడింది.

మేం మెలిక దగ్గరికి చేరేసరికి నాలుగు పడవలూ మాకు ఎదురుగా వస్తున్నాయి. చిన్నత్త నడుములోతు నీళ్లలోకి దిగిపోయింది. ఇప్పుడొచ్చింది అసలు చిక్కు. భర్త పేరు ఎలా చెబుతుంది? రెండు చేతులూ ఎత్తి, "ఇగో, నిన్నే! సాప దించు! నిన్నే, సాప దించు!" అని ఏరంతా వినపడేట్టు అరిచింది. నాలుగు పడవల్లోనూ పెళ్లాలున్న మగవాళ్లే. ఏం ప్రమాదమో ఏమో, ఒకరిని చూసి ఒకరు నాలుగు చాపలూ టపటపా దించేశారు. జరీ తలపాగా పందెం ఆ మెలిక దగ్గరే ముగిసిపోయింది.

పడవలు ఒడ్డు ఇసుకకు చేరాయి. ముందున్న పడవ సరంగు కోపంగా, "ఎవల్ని పిలిచినవమ్మా?" అన్నాడు. చిన్నత్త తడిసిన కొంగు పిండుకుంటూ తల దించుకుంది. మామ ఊ అనకపోతే ఆమె ఊరందరి ముందు పిచ్చిదవుతుంది, ఊ అంటే ఆడదాని మాటకు చాప దించినవాడు తనవుతాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. మామ చుక్కాని వదిలి లేచి నిలబడ్డాడు.

"నన్నే పిలిచింది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. దొర్ల ముసలాయన మాత్రం నాలుగు పడవలూ గెడలు వేసుకుంటూ కలిసి దిగువకు పోతుంటే చూసి, "ఆఁ, ఇట్ల పోవాలె" అని తృప్తిగా చుట్ట ముట్టించాడు. తాసిల్దారు తలపాగాను ఏం చేశాడో నాకు తెలియదు.

పడవ తిరిగి వచ్చాక చిన్నత్త ముందు చేసిన పని ఆ కచ్చా కుట్టు విప్పి పురికొసతో కుట్టడం. తెగుతుందో లేదోనని దాన్నెవరూ లాగి చూడలేదు. నాకు మాత్రం కుతూహలం చావలేదు. పెళ్లయి కాపురానికి పోయేముందు మామను అడిగేశాను, "నిజంగ చెప్పు మామా, ఆ కుట్టు తెగేదేనా?" అని. ఆయన తాడు పేనుకుంటూనే, "తెగితే తెలిసేది బిడ్డా. తెలవలే గాబట్టే నీతోటి కూసోని మాట్లాడుతున్న" అన్నాడు.

ఇన్నేళ్లూ జరిగినవాటినే తలచుకుంటూ వచ్చాను. కానీ ఆ కుట్టు తెగకుండా పోయినట్టు, జరగకుండా పోయినవాటి మీదే మా కాలమంతా నడిచింది.