మా కంప్యూటర్లో దాటలేని గుంట

తొంభైల మొదట్లో కాటన్‌పేటలో మా బట్టల కొట్టు పైనున్న ఇంట్లోకి ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని టీవీకి తగిలించి, ఆటను టేప్ రికార్డర్ నుంచి ఎక్కించాలి. క్యాసెట్ తిరుగుతున్నంతసేపూ గదంతా కీచుమని ఒకటే రొద. వాల్యూమ్ కాస్త అటూ ఇటూ అయితే చివరికి తెర ఖాళీగా మిగిలేది. మళ్ళీ మొదటినుంచి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఆట ఎక్కదేమోనని ఇంటిల్లిపాదినీ కసురుకునేదాన్ని.

ఆట మామూలుదే. లాంతరు పట్టుకున్న బుల్లి మనిషి అరుగు మీంచి అరుగు మీదికి దూకుతూ, దయ్యాలను తప్పించుకుంటూ, తాళంచెవులు ఏరుకుంటూ ఒక్కో గదీ దాటాలి. ఏడో గదిలో ఒక మంటల గుంట ఉంది. నేను ఎప్పుడు దూకినా ఆ మనిషి అవతలి అంచు దాకా వెళ్ళి, మంటల్లోనే పడేవాడు.

మా మేనమామ కూతురు నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. ఆ పక్క వీధిలోనే ఉండేది. వాళ్ళింట్లో వేరే రకం కంప్యూటర్, అందులోనూ ఇదే ఆట. కానీ చూస్తే కడుపు మండేది. మాదాంట్లో మనిషి మంట దగ్గరికి వెళితే ఒళ్ళంతా ఎర్రబడేది, నిచ్చెన ఎక్కితే పచ్చబడేది. వాళ్ళదాంట్లో ఏ రంగు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది. వాళ్ళకు సంగీతం, మాకు టిక్కుటిక్కులు. పైగా వదిన ఆ గుంటను అవలీలగా దాటేసేది.

"మా దాంట్లో దాటలేం వదినా," అంటే నమ్మేది కాదు.

"అదే ఆట కదప్పా! నీకు దూకేది తెలీదు, అంతే. సుమ్నే, ఊరికే మిషన్‌ని తిట్టొద్దు."

ఒకరోజు మా ఇంటికొచ్చి తానే కూర్చుంది. పడింది. మళ్ళీ పడింది. "మీ కీబోర్డు కీలు రబ్బరువి కదా, మెత్తగా ఉండాయి. వేళ్ళకు అలవాటు లేదు," అని లేచిపోయింది. ఒప్పుకోలేదు! ఆ వేసవి సెలవులన్నీ నేను ఆ గుంట ముందే కూర్చున్నాను. కొట్టు మూసి పైకొచ్చే నాన్న కూడా, "ఇంకా అక్కడే ఉండావా?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకి ఏడుపొచ్చేది.

ఏళ్ళు గడిచాయి. నేను మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. వదిన పెళ్ళయ్యాక సర్జాపుర రోడ్డు మీద అపార్ట్‌మెంటు తీసుకుంది. అప్పటికి పాత కంప్యూటర్ల ఆటలను కొత్తవాటి మీద ఆడించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మా ఆటనూ, వాళ్ళ ఆటనూ సంపాదించి, ఒక ఆదివారం లాప్‌టాప్‌తో వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె లాప్‌టాప్‌లో ఆమె ఆట, నా దాంట్లో నా ఆట పెట్టి పక్కపక్కనే నడిపించాను.

ఏడో గది వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆటను నెమ్మదిగా నడిపే వీలుంది. మనిషిని అరుగు చిట్టచివరి దాకా పరిగెత్తించి దూకించాను. ఆమె దాంట్లో కాలు అవతలి అంచున ఆనింది. నా దాంట్లో అంచు ఇంకాస్త దూరంగా ఉంది. తయారుచేసినవాళ్ళు గదిని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఆ అరుగును తప్పుగా పెట్టేశారు. అక్కడ ఎవరూ దాటలేరు.

నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. "చూశావా? ఎన్నేళ్ళు వెక్కిరించావు!"

వదిన నా మాట వినలేదు. రెండు తెరలనూ మార్చి మార్చి చూస్తోంది. "నా దాంట్లో దయ్యాలు కూడా నెమ్మదిగా నడుస్తా ఉండాయి, చూడు," అంది మెల్లగా. నిజమే. మా దాంట్లో అవి రయ్యిమని వచ్చేవి. "అంటే నేను గెలిచినదంతా సులువు ఆటేనా?"

ఆమె ముఖం చూసి జాలిపడేలోపే నా లాప్‌టాప్‌ను తన ముందుకు లాక్కుని మా ఆట మొదలుపెట్టింది. పడింది. మళ్ళీ మొదలుపెట్టింది. వాళ్ళ పిల్లలు ఆకలంటే నేనే అన్నం పెట్టాను. కాఫీ ఇచ్చాను, చల్లారింది.

"వదినా, అది కుదరదు. ఇప్పుడేగా చూపించాను!"

"ఉండప్పా, కొంచెంలో తప్పిపోతా ఉండాది."

"ఆ కొంచెమే ఎప్పటికీ అందదంటున్నాను కదా!"

వినలేదు. సాయంత్రం అవుతుంటే లాప్‌టాప్ ఆమె చేతుల్లోంచి దాదాపు గుంజుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో విసుక్కుంటూ ఇల్లు చేరాను. మర్నాడు ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. తన కంప్యూటర్లోకీ మా ఆట ఎక్కించుకుందట.

"నిన్నంతా పరిగెత్తి దూకినాం కదా," అంది చాలా సీరియస్‌గా, "నిలబడి దూకితే ఎట్లుంటాది?"

ఫోన్ పెట్టేశాను.