రంగు పట్టని నూలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి, పత్రికకు రాయడం ఇదే మొదలు, అక్షరాలు వంకరగా ఉంటే కోపపడకండి.

మాది వరంగల్. జంపఖానాలు నేసేవాళ్ళకు నూలుకు రంగులు అద్దడం నా పని. పెళ్ళయి పదేళ్ళు దాటినా మాకు పిల్లలు లేరు. నా భార్య కరుణమ్మ ఎన్ని పసరులు తాగిందో, ఎన్ని ఉపవాసాలు ఉందో ఆ దేవునికే తెలుసు! మా సంఘంలో బిడ్డను మొదటిసారి మందిరానికి తెస్తే పిల్లలున్న ఇంకో తల్లి ఎత్తుకొని వాకిలి నుండి పాస్టరుగారి దాకా తీసుకెళ్తుంది. ఒకసారి కరుణమ్మ చేతులు చాచితే మా అమ్మే అందరిముందు "నువ్వు జరుగు, గొడ్డు చేతులు తగలొద్దు" అంది. నేను తల దించుకున్నాను.

నేను పిల్లల కోసం దొంగచాటుగా బలం సూదులు, అంటే మగ హార్మోను సూదులు, వేయించుకుంటూ తిరిగి తిరిగి అలసిపోయి, చివరికి హన్మకొండలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా రక్తం హైదరాబాదుకు పంపించి, కాగితం వచ్చాక నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"బట్టల సోడా నీళ్ళల్ల ఉడకబెట్టని నూలుకు రంగు పడ్తదా?"

"పట్టది సార్, తొట్టిల ఎంత పోసినా."

"గట్లనే నీ రక్తంల మగ హార్మోను మస్తుగున్నది. దాన్ని పట్టుకునే రిసెప్టర్లే పట్టుకుంటలేవని, గందుకే పిల్లలు అయితలేరని నా అనుమానం. ఇంక సూదులేస్తే ఏం లాభం?"

"మరి గా సోడా ఏదన్న లేదా సార్?"

"గసొంటి మందు ఇంకా రాలేదయ్యా."

ఆ కాగితాన్ని రంగు డబ్బాలో దాచి, ఇంట్లో మాత్రం నాలో ఏ లోపమూ లేదన్నాను! అమ్మ నాకు రెండో పెళ్ళికి మేనమామ కూతుర్ని చూసింది. నేను వద్దనలేదు. ఒక పొద్దున కరుణమ్మ నూలు పిండుతూ ప్రార్థన చేస్తుంటే విన్నాను: "ప్రభువా, గా వచ్చే పిల్లనన్న సుఖంగ ఉంచు. నన్ను ఈ తొట్టి కాడనన్న ఉండనియ్యి."

సహోదరులారా, నేను అక్కడే కూలబడి "తండ్రీ, నా నోరు తెరువు" అని ఏడ్చాను. ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే వేళ ఎర్ర మరకలు పడ్డ కాగితం పట్టుకొని లేచాను. "లోపం నాది, ఆమెది కాదు" అన్నాను.

"కూసో కొడుకా! పదిమందిల ఏం మాట్లాడ్తానవ్!" అని అమ్మ అరిచింది. నేను కూర్చోలేదు. కరుణమ్మ నన్ను చూడకుండానే లేచి ఇంటికి నడిచింది.

బిడ్డ పుట్టిందని రాస్తానేమో అనుకుంటున్నారు, పుట్టలేదు. ఇప్పటికీ ఆ బాధ ఉంది. కానీ అబద్ధం మోసే బరువు దిగింది, పెళ్ళిమాట ఆగింది, దేవునికే మహిమ! మొన్న మా చెల్లె తన బిడ్డను మొదటిసారి మందిరానికి తెస్తే వాకిట్లో అమ్మే కరుణమ్మను పిలిచింది.

"పట్టుకో బిడ్డా."

"చేతులకు రంగున్నదత్తమ్మా."

"ఉండనియ్యి తియ్యి."

దాచుకొని అలసినవాళ్ళు మీలో ఉంటే ఆయన దగ్గరికి రండి, ఆయన తోసెయ్యడు. నా రాతలో తప్పులుంటే మీ తమ్ముడనుకొని క్షమించండి.