జాలీలోకి నెట్టిన నురగ

వీధిలో అందరూ ఆమెను కార్లమ్మ అనే పిలుస్తారు. కార్లు కడిగే షాపు ఆమెది. ఏ కారు మీదైనా మట్టి మరక మిగిలితే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. కడిగిన నీళ్లు, సబ్బు నురగ, గ్రీజు అన్నీ షాపు ముందు కాలువ మీదున్న ఇనుప జాలీలోకి చీపురుతో నెట్టేసి, "శుభ్రమంటే ఇదీ!" అనుకునేది.

ఆమెకున్న బెంగల్లా మామగారిదే. బస్సు నడిపి నడిపి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. రోజూ చెరువులో ఈదితేనే కాళ్లు మాట వింటాయి. ఈమధ్య నడుం కింద అంతా ఎర్రటి దద్దుర్లు. ఎన్ని పూతలు మార్చినా తగ్గడం లేదు.

"ఆ చెరువు మానెయ్యండి మామయ్యా."

"మానేస్తే ఇక మంచమే గదమ్మా. అప్పుడు నన్నూ గొట్టం పెట్టి కడుగుదువుగాని!"

ఆ ఉదయం మున్సిపాలిటీ మనిషి వచ్చి జాలీలో డబ్బాడు ఆకుపచ్చ రంగు పోశాడు.

"ఏంటన్నా ఇది?"

"ఉత్త రంగేలే అక్కా, ఎవరికీ ఏం కాదు. ఏ జాలీ నీళ్లు ఎక్కడ తేలతాయో చూస్తున్నాం."

"తేలడమేంటి? శుద్ధి చేసే చోటికేగా పోయేది!"

"అది ఇళ్లలో మురుగు. ఇది వాన నీళ్ల కాలువ. మధ్యలో వడపోత లేదు, పాడూ లేదు. తిన్నగా ఏ చెరువులోనో కలుస్తుంది."

"చాల్లే, పొద్దున్నే వేళాకోళం!" అని నవ్వేసి, షాపులో ఉన్న వ్యాను కడగడం ముగించి, మామగారికి తువ్వాలు తీసుకుని ఎప్పటిలాగే చెరువుకు బయల్దేరింది.

అడుగున రాళ్లుండవని ఆయన రోజూ దిగేది చెరువులోకి నీళ్లు పడే పెద్ద తూము పక్కనే. నడుం లోతులో నిలబడి చెయ్యి ఊపాడు. ఆమె చూస్తుండగానే తూములోంచి ఆకుపచ్చటి నీళ్లు జారి, పైన తెల్లటి నురగతో సహా ఆయన నడుం చుట్టూ చుట్టుకున్నాయి. ఆ నురగ ఇందాకటి వ్యానుదే.

తువ్వాలు చేజారింది.  నీళ్ల అంచుకు పరుగెత్తింది.

"మామయ్యా! బయటికి రండి! రండి!"

"ఏమైందమ్మా, మొసలా?"

"కాదు... నేను!"

ఆయన్ను గట్టెక్కించి, ఒక్క పరుగున షాపుకు వచ్చేసరికి షాపులో సాయంగా ఉండే తోడికోడలు మరో కారు కడుగుతోంది. కార్లమ్మ ఇసుక బస్తా ఈడ్చుకొచ్చి జాలీ మీద పడేసింది.

"నీకేమన్నా పిచ్చా అక్కా? నీళ్లెటు పోతాయి?"

 నల్లబడ్డ నురగ వెనక్కి మళ్లి, గుమ్మం దాటి, కుర్చీల కింద పాకి, ఆమె పాదాల మీదికెక్కింది. ఒక్క కారుకే ఇంతా!  కాళ్లు అప్పుడే చురచురమంటున్నాయి.