నైట్ షిఫ్టు మనిషిని లేపడం

1991 ఆగస్టు 13, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు కనకయ్యను స్ట్రెచర్ మీద మా వార్డుకు తెచ్చారు. నేనప్పుడు గోదావరిఖనిలోని ఒక దవాఖానలో స్టాఫ్ నర్సుని. కనకయ్య కోల్ ఫిల్లర్, అంటే గనిలో బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే కార్మికుడు. జూన్‌లో షుగరు జబ్బు బయటపడి, మందులు రాయించుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ తరువాత ఇలా స్పృహ లేకుండా రావడం ఇది మూడోసారి. డిశ్చార్జి అయిన రోగి అదే జబ్బుతో తిరిగి రావడాన్ని మేము రీఅడ్మిషన్ అంటాం.

రక్తంలో షుగరు బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచాడు. డాక్టరు గారికి మాత్రం అనుమానం తీరలేదు.

"తాగి పడుకున్నాడా?"

"తాగితే చెప్పనా సార్, నాకేం భయం?" అంది అతని భార్య రాజవ్వ. "కల్లు బంద్ వెట్టి రెండు నెలలాయె."

మరొక్కసారి ఇలా జరిగితే భూగర్భంలో పనికి అన్‌ఫిట్ అని రాయక తప్పదని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

నన్ను వేధించిన ప్రశ్న వేరు. అదే షుగరు బిళ్ళ వార్డులో ఇస్తే షుగరు ఎన్నడూ ఇంతగా పడిపోలేదు. ఇంట్లోనే ఎందుకు పడిపోతోంది?

"బిళ్ళ ఎప్పుడు వేసుకుంటున్నావు?"

"మీరు చెప్పినట్టే సిస్టరమ్మ. పొద్దుగాల, బువ్వకు ముంగట."

"బువ్వ ఎప్పుడు తింటావు?"

"ఫస్టు షిఫ్టుకైతే తినే పోత. నైట్ షిఫ్టు దిగొస్తె ఏడ తింట? తానం చేసి, బిళ్ళ మింగి పండుకుంట. లేసినంక తింట."

వార్డులో బిళ్ళ వెంట ఇడ్లీ వచ్చేది. ఇంట్లో నిద్ర వచ్చేది. మూడు వారాలకొకసారి నైట్ షిఫ్టు. మూడు రీఅడ్మిషన్లూ ఆ వారాల్లోనే.

"మధ్యలో లేపలేదా?" అని రాజవ్వను అడిగాను.

"నైట్ షిఫ్టు మనిషిని లేపుతరా సిస్టర్? గిన్నె సప్పుడు గూడ కానియ్య. పక్క క్వార్టరోళ్ళ రేడియో బంద్ చేపిస్త. మంచిగ పండుకున్నడనుకున్న. దుప్పటి సర్దుతుంటె చెమటకు తడిసి ముద్దయి ఉన్నది."

"గామె కావలికి యముడు గూడ చెప్పులిడిసి వచ్చిండు" అన్నాడు కనకయ్య, నీరసంగా నవ్వుతూ.

విషయం చెప్పగానే డాక్టరు గారు అన్‌ఫిట్ మాట వాయిదా వేసి, నైట్ షిఫ్టు వారాల్లో బిళ్ళను మధ్యాహ్న భోజనానికి మార్చారు. ఇంటికి రాగానే ఏదైనా తిని పడుకోవాలని, పన్నెండింటికి లేపి అన్నం పెట్టాలని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రాజవ్వ చేత తిరిగి చెప్పించాను.

"నిద్ర చెడగొడితె తిడ్తడు సిస్టర్."

"తిట్టనీ."

మూడు వారాల తరువాత, మళ్ళీ నైట్ షిఫ్టు వారంలో, మంగళవారం మధ్యాహ్నం రాజవ్వ ఒక్కతే వార్డు గుమ్మంలో కనిపించింది. నా చేతిలోని ట్రే కింద పెట్టేశాను.

"లేపిన సిస్టర్," అంది. "మస్తు తిట్టిండు. బువ్వ తిన్నడు."

అప్పటినుంచి ఎవరిని డిశ్చార్జి చేసి ఇంటికి పంపినా మందుల సంగతి చెప్పే ముందు రెండు విషయాలు అడిగేదాన్ని: ఈ వారం ఏ షిఫ్టు, ఇంటికి వచ్చి ఏం చేస్తావు.

పోయినవి: కనకయ్య మస్టర్లు, అంటే గనిలో హాజరు దినాలు, పద్నాలుగు; నైట్ షిఫ్టు వారాల్లో అతని ఏకధాటి నిద్ర. నిలిచినవి: అతని కొలువు, అతను.